కొత్త కాలనీకి తొలి బస్సు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు సమకూర్చుకోవడం ఎంత శ్రమతో కూడిన పనో ఆ సామెత చెబుతుంది. ఆ ఇంటి నుంచి ప్రతి ఉదయం పనికి బయలుదేరి, పొద్దుపోయాక మళ్లీ ఇల్లు చేరుకోవడం గూర్చి మాత్రం అది ఏమీ చెప్పదు. చెప్పవలసిన అవసరం ఆనాడు లేదు. పొలం ఊరిని ఆనుకొని ఉండేది, మగ్గం నట్టింట్లోనే ఉండేది, కమ్మరి కొలిమి ఇంటి ముంగిట్లోనే ఉండేది. నేటి నగరంలో నివాసానికీ పనిస్థలానికీ మధ్య పది, ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరం ఏర్పడింది. నగరం అంచున కొత్తగా వెలసిన కాలనీలలో నివసించేవారికి ఈ దూరం మరింత భారమవుతుంది. సొంత ఇంట్లో పాలు పొంగించిన సంతోషం తీరకముందే, బస్సు ఎన్ని గంటలకు వస్తుందన్న ప్రశ్న ఎదురవుతుంది.

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలో ఉన్న కొల్లూరును ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం పేదల కోసం చేపట్టిన రెండు పడక గదుల ఇళ్ల పథకం కింద ఇక్కడ 117 బ్లాకులలో 15,660 ఇళ్లు నిర్మించారు. ఒక్కొక్క ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. 2023 జూన్ 22న ఈ గృహసముదాయాన్ని ప్రారంభించారు. ఇంటికి నలుగురు చొప్పున లెక్కవేసినా, ఇళ్లన్నీ నిండిన నాడు ఇక్కడి జనసంఖ్య అరవై వేలు దాటుతుంది. అంటే ఇది పేరుకు కాలనీ గాని, నిజానికి ఒక పట్టణం. అంత జనాభా గల పాత పట్టణం ఏదైనా అక్కడ బస్టాండు ఉంటుంది, రోడ్డు మీద రాకపోకలు ఉంటాయి, నాలుగు దిక్కులకూ వెళ్లే వాహనాలు ఉంటాయి. అవన్నీ తరతరాలుగా ఒకటొకటిగా ఏర్పడినవి. కొత్త కాలనీలో గోడలు రెండు మూడేళ్లలో లేస్తాయి. దారులకు అలవాటు పడడానికి మాత్రం అంతకన్న ఎక్కువ కాలం పడుతుంది.

ఈ పథకం కింద 2023లో నగరంలోని లబ్ధిదారులను లాటరీ పద్ధతిన ఎంపిక చేశారు. లాటరీ న్యాయమైన పద్ధతే. పలుకుబడికి అందులో చోటు లేదు. కాని లాటరీకి ఎవరి పని ఎక్కడ ఉన్నదో తెలియదు. నగరం నడిబొడ్డున బస్తీలో అద్దె గదిలో ఉంటూ, నాలుగు ఇళ్లలో గిన్నెలు తోమి, బట్టలు ఉతికి జీవించే స్త్రీ తన పనికి కాలినడకన పోగలదు. మధ్యాహ్నం ఒకసారి ఇంటికి వచ్చి పిల్లలకు అన్నం పెట్టి మళ్లీ వెళ్లగలదు. ఆమెకు నగరం అంచున ఇల్లు వస్తే అద్దె మిగులుతుంది. కాని మధ్యాహ్నం ఇంటికి వచ్చే వీలు పోతుంది. తెల్లవారుజామున లేవాలి, రాత్రి దీపాలు పెట్టిన తరువాత ఇల్లు చేరాలి. బస్సు ఆలస్యమై రెండు రోజులు వరసగా పనికి వేళ తప్పితే, ఆ ఇంటి యజమానురాలు మరొకరిని వెతుక్కుంటుంది. తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవానికి ఇంకా కష్టం. అతడు తెల్లవారకముందే మార్కెట్టులో ఉండాలి, బండిని బస్సులో ఎక్కించలేడు. ఇంటి తాళం చేతికి వచ్చినా, కొన్ని కుటుంబాలు పాత చోటును వదలి రావడానికి వెనుకాడడంలో ఆశ్చర్యం లేదు. ఇంటి విలువను కట్టేటప్పుడు ఇటుక, సిమెంటు, ఇనుము లెక్కలోకి వస్తాయి. అక్కడి నుంచి పనికి పోవడానికి పట్టే గంటలు లెక్కలోకి రావు.

చిత్రమేమిటంటే, కొల్లూరుకు అతి సమీపంలోనే ఔటర్ రింగు రోడ్డు ఉన్నది. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున సాగే ఈ మార్గం దేశంలోని గొప్ప రహదారులలో ఒకటి. అయితే ఇది కార్లు, లారీలు వేగంగా సాగిపోవడానికి ఉద్దేశించిన రహదారి. దీని ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు ప్రవేశం లేదు. పాదచారులకు అసలే లేదు. పక్కనున్న సర్వీసు రోడ్డే వారికి దిక్కు. కారు గల వానికి ఆ రోడ్డు వల్ల విమానాశ్రయం దగ్గరైంది. బస్సు కోసం నిలబడిన వానికి అది ఎత్తుమీద వినిపించే హోరు మాత్రమే.

మరి బస్సు ఎందుకు వెంటనే రాదు? దీనికి సమాధానం రోడ్డు రవాణా సంస్థ లెక్కల్లో ఉన్నది. ఆర్టీసీ ఒక మార్గంలో బస్సు నడిపేటప్పుడు ముఖ్యంగా రెండు సంగతులు చూస్తుంది. ఒకటి, బస్సు తిరిగిన ప్రతి కిలోమీటరుకు వచ్చే రాబడి. దీనిని డిపోలలో ఈ.పీ.కే. అంటారు. రెండు, బస్సులోని సీట్లలో సగటున ఎన్ని నిండుతున్నాయన్న నిష్పత్తి. దీనిని ఓ.ఆర్. అంటారు. వీటికి తోడు డిపో నుంచి మొదటి స్టాపు వరకు, రాత్రి చివరి స్టాపు నుంచి డిపో వరకు ప్రయాణికులు లేకుండా తిరిగే దూరం కూడా ఉంటుంది. డీజిలు ఖర్చవుతుంది, డ్రైవరుకు జీతం ఇవ్వాలి, రాబడి మాత్రం ఉండదు. సగం ఇళ్లకు తాళాలు వేసి ఉన్న కొత్త కాలనీకి బస్సు వేస్తే ఈ అంకెలన్నీ నిరాశ కలిగిస్తాయి. జనం లేరని బస్సు రాదు. బస్సు లేదని జనం రారు. ఈ విషవలయాన్ని ఎవరో ఒకరు ముందుగా ఛేదించాలి. చేతిలో తాళం పట్టుకొని నిలబడిన పేద కుటుంబం ఆ పని చేయలేదు. కనుక మొదటి రెండు మూడేళ్లు నష్టానికి సిద్ధపడి బస్సులు నడపవలసిన బాధ్యత, ఆ నష్టాన్ని సంస్థకు భర్తీ చేయవలసిన బాధ్యత, ఇళ్లు కట్టించిన ప్రభుత్వానిదే. లిఫ్టులకు, మురుగునీటి కాలువలకు డబ్బు కేటాయించినట్లే బస్సులకూ నిర్మాణ వ్యయంలోనే కొంత కేటాయించడం సబబు.

పాత కాలనీలకు ఈ ఇబ్బంది ఇంతగా రాకపోవడానికి కారణం వాటి స్థానం. హౌసింగు బోర్డు కట్టించిన కూకట్‌పల్లి కాలనీ కూడా ఒకనాడు నగరానికి దూరమే. కాని అది ముంబయి వెళ్లే జాతీయ రహదారి పక్కన వెలసింది. ఆ రోడ్డు మీద పటాన్‌చెరువు వైపు బస్సులు ఎప్పుడూ తిరుగుతూనే ఉండేవి. పటాన్‌చెరువు నుంచి కోఠికి వెళ్లే 218 నెంబరు బస్సు, సికింద్రాబాదుకు వెళ్లే 219 నెంబరు బస్సు ఆ దారిన తిరిగే వారందరికీ పరిచితాలు. అక్కడ కాలనీయే బస్సు దగ్గరికి వచ్చింది. కొల్లూరు వంటి చోట బస్సు ప్రధాన మార్గం వదలి లోపలికి రావాలి. తేడా అంతా అందులోనే ఉన్నది.

ఇతర చోట్ల ఏమి జరిగిందో చూస్తే ముందు రవాణా, తరువాత నివాసం అన్న క్రమం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ముంబయి మీద భారం తగ్గించడానికి నవీ ముంబయిని నిర్మించే బాధ్యతతో 1970లో సిడ్కో అనే సంస్థ ఏర్పడింది. సముద్రపు పాయకు ఆవల కొత్త నగరం లేచింది. కాని మాన్‌ఖుర్దు నుంచి పాయ దాటి వాషికి లోకల్ రైలు వచ్చింది 1992లో. ముంబయివాసి జీవితమంతా లోకల్ రైలుతో ముడిపడి ఉండగా, రెండు దశాబ్దాలకు పైగా రైలు లేని నగరంలో కాపురం పెట్టమన్నారు! ఇందుకు భిన్నంగా స్వీడను దేశ రాజధాని స్టాక్‌హోం శివారున వెల్లింగ్‌బీ అనే ఉపనగరాన్ని నిర్మించినపుడు మెట్రో రైలు మార్గం 1952లోనే అక్కడికి చేరింది. ఊరి కేంద్రభాగాన్ని ప్రారంభించింది ఆ తరువాత, 1954లో. అక్కడ స్టేషను చుట్టూ ఇళ్లు కట్టారు.

ఇక కొల్లూరు వంటి కాలనీలో నివసించేవారికి ఉన్న మార్గాలేమిటి? మొదటిది సిటీ బస్సు. ఈ బస్సును ఎలా నడపాలన్న విషయంలో ఒక చిక్కు ఉన్నది. కాలనీవాసులను అడిగితే చాలామంది కోఠికి, సికింద్రాబాదుకు నేరుగా బస్సు కావాలంటారు. మారకుండా, ఒకే సీట్లో కూర్చుని గమ్యం చేరాలని ఎవరికి ఉండదు? కాని లెక్క వేస్తే పరిస్థితి వేరుగా కనిపిస్తుంది. కాలనీకి ఆరు బస్సులు కేటాయించారనుకుంటే, నగరం నడిబొడ్డుకు వెళ్లి, కొంత విరామంతో తిరిగి రావడానికి ఒక్కొక్క బస్సుకు మూడు గంటలు పట్టిందనుకుంటే, అర్ధగంటకు ఒక బస్సు మాత్రమే నడపడం సాధ్యమవుతుంది. ఒక బస్సు చెడిపోయినా, ట్రాఫిక్కులో చిక్కుకున్నా ఆ అర్ధగంట గంట అవుతుంది. అవే ఆరు బస్సులను దగ్గరలోని లింగంపల్లి వంటి కూడలి వరకే నడిపి, రానుపోను ఒక గంట పట్టిందనుకుంటే, పది నిమిషాలకు ఒక బస్సు వస్తుంది. సగటున ఎదురుచూడవలసిన కాలం పదిహేను నిమిషాల నుంచి అయిదు నిమిషాలకు తగ్గుతుంది. పది నిమిషాలకొక బస్సు ఉన్న చోట వేళలు గుర్తుపెట్టుకోనక్కరలేదు. ఇంటి నుంచి బయలుదేరితే చాలు.

అయితే బస్సు మారడం కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. రెండో టికెట్టు కొనాలి. చంటిపిల్లతో, సంచులతో దిగి, రోడ్డు దాటి, మళ్లీ ఎక్కాలి. వాన పడుతుంటే నిలబడడానికి కప్పు ఉండాలి. రెండో బస్సు ఇరవై నిమిషాల తరువాత వస్తే మొదటిది త్వరగా వచ్చిన ప్రయోజనమంతా పోతుంది. కాబట్టి తెల్లవారుజామున, సాయంత్రం పనివేళల్లో కొన్ని బస్సులు నేరుగాను, తక్కిన వేళల్లో కూడలి వరకు దగ్గర దగ్గరగాను నడపడం మేలైన పద్ధతిగా తోస్తుంది. దీనికి పెద్ద బస్సులే కావాలని లేదు. ఒకప్పుడు హైదరాబాదు వీధుల్లో తిరిగిన సెట్విన్ మినీ బస్సులను పాతతరం వారు ఇంకా తలచుకుంటారు. బ్లాకుల మధ్య తిరిగి జనాన్ని ప్రధాన రోడ్డుకు చేర్చడానికి అటువంటి చిన్న వాహనాలే తగినవి. చివరి బ్లాకులోని వృద్ధురాలికి స్టాపు వరకు నడవడమే సగం ప్రయాణం.

రెండో మార్గం రైలు. 2003 ఆగస్టులో ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు లింగంపల్లి నుంచి నాంపల్లికి, సికింద్రాబాదు మీదుగా ఫలక్‌నుమాకు నడుస్తాయి. నగర ప్రయాణంలో ఇంత చవకైన సాధనం మరొకటి లేదు. రెండో దశలో తెల్లాపూరు, రామచంద్రాపురం వైపు కూడా మార్గం వేశారు. కొల్లూరు వారికి ఇది వరం కావలసినది. కాని ఈ రైళ్లలో చాలావరకు దూరప్రాంతాల రైళ్లు నడిచే పట్టాల మీదనే నడవాలి. ఎక్స్‌ప్రెస్ రైలు వస్తే లోకల్ రైలు ఆగుతుంది. రైళ్ల మధ్య వ్యవధి ఎక్కువ. అందుచేత రైలు వేళకు తగినట్లు బస్సు స్టేషను చేరితేనే ఈ మార్గం పనికి వస్తుంది. బస్సు వేళలు ఆర్టీసీవి, రైలు వేళలు రైల్వేవి. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూసే అధికారి ఒకరు ఉంటే ప్రయాణికులకు ఎంతో మేలు జరుగుతుంది.

మెట్రో రైలు 2017 నవంబరులో మియాపూరు, నాగోలు మధ్య మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాలలో దాదాపు 69 కిలోమీటర్లకు విస్తరించింది. వేగంలోను, వేళ తప్పకపోవడంలోను దీనికి సాటి లేదు. అయితే దాని పడమటి కొసలు మియాపూరు, రాయదుర్గాల దగ్గర ఆగిపోయాయి. మియాపూరు నుంచి పటాన్‌చెరువుకు పొడిగించాలన్న ప్రతిపాదనను రాష్ట్ర ప్రభుత్వం 2024లో రెండో దశ ప్రణాళికలో చేర్చింది. అది మంచి ప్రతిపాదనే. రేపు ఉదయం అయిదు గంటలకు పనికి పోవలసిన వానికి మాత్రం అది అక్కరకు రాదు. పైగా బస్సు కన్న మెట్రో టికెట్టు ఖరీదు ఎక్కువ.

టికెట్టు ఖరీదు మాట వచ్చినపుడు మహాలక్ష్మి పథకాన్ని చెప్పుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో స్త్రీలు ఆర్టీసీ బస్సులలో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. హైదరాబాదులో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఈ సౌకర్యం వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో ఇటువంటి పథకమే 2025 ఆగస్టు 15న మొదలైంది. నగరం అంచున ఉండి ఇళ్లలో పని చేసుకునే స్త్రీకి ఇది నెలకు వందల రూపాయల ఆదా. అందుచేత ఆమె మెట్రో దగ్గరలో ఉన్నా బస్సు కోసమే చూస్తుంది. బస్సు రాకపోతే షేర్ ఆటో ఎక్కి, ఉచితంగా పోవలసిన దూరానికి డబ్బు చెల్లిస్తుంది. ఉచిత ప్రయాణం అనే హక్కు టికెట్టులో లేదు, బస్సు వేళల పట్టికలో ఉన్నది. ఈ పథకం వల్ల మరొక ప్రయోజనం కూడా కలిగింది. కండక్టరు ప్రతి స్త్రీకి మిషను ద్వారా జీరో టికెట్టు ఇస్తాడు. ఏ స్టేజీలో ఎందరు ఎక్కారో, ఎంత దూరం వెళ్లారో అందులో నమోదవుతుంది. కొత్త కాలనీకి బస్సులు పెంచాలా వద్దా అని తేల్చడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

బస్సు లేని చోట షేర్ ఆటో పుడుతుంది. దీనిని తక్కువ చేసి చూడడం తగదు. ప్రభుత్వానికి కనబడని అవసరాన్ని ఆటో డ్రైవరు ముందుగా కనిపెడతాడు. ఆటోలు ఎక్కడ వరుసగా నిలబడితే అక్కడ బస్సు అవసరం ఉన్నదని గ్రహించవచ్చు. కాని సీట్లు నిండేదాకా ఆటో కదలదు. నిండిన తరువాత కూడా మరొకరు ఎక్కుతారు. పొద్దుపోయిన కొద్దీ ధర పెరుగుతుంది. కొద్ది నెలలు ఇలా గడిచాక, కుటుంబం అప్పు చేసి పాతదో కొత్తదో ఒక మోటారు సైకిలు కొంటుంది. నెలనెలా వాయిదా కట్టడం మొదలయ్యాక ఆ ఇంటి మగవాడు బస్సు ముఖం చూడడు. తరువాత బస్సు వచ్చినా సీట్లు నిండవు. అందుకే తొలి నెలలు అంత విలువైనవి. ఆలస్యంగా వచ్చిన బస్సు తన ప్రయాణికులను శాశ్వతంగా పోగొట్టుకుంటుంది.

బస్సుల సంఖ్య కన్న తొలి బస్సు, చివరి బస్సు ఎన్ని గంటలకన్నది ముఖ్యం. ఆసుపత్రి ఆయా ఉదయం ఆరు గంటలకు డ్యూటీ ఎక్కాలి. వస్త్ర దుకాణంలో అమ్మకాలు చేసే యువతి రాత్రి తొమ్మిదిన్నర దాటితే గాని బయటపడదు. పగలు పది బస్సులు తిరిగి, రాత్రి ఎనిమిదికి ఆగిపోతే ఆమెకు ఆ పది బస్సులూ లేనట్లే. సాయంత్రం తిరిగి రావడానికి నమ్మకమైన బస్సు లేనివారు ఉదయం పోయే బస్సు కూడా ఎక్కరు. దీనికి పల్లెలలో ఆర్టీసీ ఏనాడో ఉపాయం కనిపెట్టింది. అదే నైట్ హాల్టు. రాత్రి చివరి ట్రిప్పు ఊరు చేరిన బస్సు అక్కడే ఉండిపోతుంది. డ్రైవరు, కండక్టరు అక్కడే నిద్రపోతారు. తెల్లవారుజామున అదే తొలి బస్సుగా బయలుదేరుతుంది. డిపో నుంచి ఖాళీగా రావలసిన పని లేదు, ఖాళీగా పోవలసిన పని లేదు. అరవై వేల మందికి ఉద్దేశించిన గృహసముదాయంలో రెండు బస్సులు నిలిపే స్థలం, సిబ్బంది పడుకోవడానికి ఒక గది, తాగునీరు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు.

ప్రయాణాలన్నీ పాత నగరం వైపే సాగుతాయనుకోవడం కూడా పొరపాటు. కొల్లూరు, తెల్లాపూరు, నల్లగండ్ల ప్రాంతాలలో బహుళ అంతస్తుల భవనాలు విస్తారంగా వెలశాయి. వాటిలో వంటకు, పాచిపనికి, కాపలాకు, తోటపనికి మనుషులు కావాలి. పాత పని దూరమైన వారికి కొత్త పని అయిదారు కిలోమీటర్లలోనే దొరకవచ్చు. పటాన్‌చెరువు, రామచంద్రాపురం వైపు కర్మాగారాలు ఉన్నాయి. వీటిని కలుపుతూ అడ్డంగా తిరిగే చిన్న మార్గం ఒకటి ఉంటే, అది కోఠికి వెళ్లే బస్సు కన్న ఎక్కువ కుటుంబాలను నిలబెట్టగలదు. నగరపటం మీద గీసిన మార్గాలు కేంద్రం వైపు చూడడానికి అలవాటుపడ్డాయి కనుక ఈ అడ్డదారులు సాధారణంగా ఎవరి దృష్టికీ రావు.

కొత్త కాలనీకి మారిన ఇంట్లో ఇంటరు చదివే విద్యార్థి ఉంటే అతని సమస్య ప్రత్యేకమైనది. విద్యాసంవత్సరం మధ్యలో కళాశాల మారడం కష్టం. ఆర్టీసీ విద్యార్థులకు రాయితీ పాసులు ఇస్తున్నది. పాసు ఉన్నా మొదటి పీరియడుకు అందించే బస్సు కావాలి. ఇటువంటి అవసరాలు చెప్పుకోవడానికి డిపో మేనేజరు ఉన్నాడు, ఫోనులో ఫిర్యాదులు వినే డయల్ యువర్ డి.ఎం. కార్యక్రమం ఉన్నది. అయితే "మా కాలనీకి బస్సులు వేయండి" అన్న విన్నపం కన్న, ఉదయం అయిదు నుంచి ఆరు లోపల ఏ బ్లాకుల నుంచి ఎందరు బయలుదేరుతున్నారు, ఏడు నుంచి ఎనిమిది లోపల ఎందరు విద్యార్థులు ఏ కళాశాలల వైపు వెళ్తున్నారు, రాత్రి తొమ్మిది తరువాత ఎందరు తిరిగి వస్తున్నారు అన్న వివరాలతో కూడిన పట్టిక ఎక్కువ పని చేస్తుంది. డిపోలో షెడ్యూలు వేసే గుమాస్తా ముందున్నది కూడా అటువంటి పట్టికే. ఒక్కొక్క బ్లాకు నుంచి ఇద్దరు విద్యార్థులు పూనుకొని వారం రోజులు లెక్క రాస్తే దానిని తయారు చేయవచ్చు.